తలకు దెబ్బ.. ప్రతి బిడ్డకూ స్కానింగ్‌ అవసరమా?

సంక్రాంతి సెలవుల్లో పిట్టగోడ లేని డాబాపై గాలిపటం ఎగురవేస్తూ వెనక్కి అడుగులేసిన బాలుడు కింద పడతాడు. మోటారు సైకిల్‌ ట్యాంకుపై కూర్చున్న చిన్నారి స్పీడ్‌ బ్రేకర్‌ కుదుపునకు ఎగిరి రోడ్డున పడుతుంది. మంచం మీది నుంచి దొర్లిన పసికందు నుదుటిపై బొప్పి కడుతుంది. ముగ్గురినీ ఎత్తుకుని కన్నవారు పరుగెత్తేది ఆసుపత్రికే. కొన్ని చోట్ల వారికి వినిపించే మొదటి మాట 'ముందు స్కానింగ్‌ తీయించుకు రండి'. మరికొన్ని చోట్ల కట్టుకట్టి, సూదిమందు వేసి ఇంటికి పంపేస్తారు. ముగ్గురు పిల్లల ప్రమాదమూ ఒకటి కాదు. ఎవరికి స్కాన్‌ తీయాలి, ఎవరిని కొన్ని గంటలు కనిపెట్టి ఉంటే చాలు అన్నది తేల్చే వైద్య మార్గదర్శకాలు వెలువడి ఏళ్లు గడిచాయి. అవి అత్యవసర విభాగం గోడ మీదికి, రాత్రి విధుల్లోని వైద్యుని చేతిలోకి చేరడమే మిగిలింది.

42 వేల మంది పిల్లల పాఠం

ఈ విషయంలో అతి విస్తృతమైన పరిశోధనను 'పెకార్న్‌' అనే పిల్లల అత్యవసర వైద్య పరిశోధన బృందం ఉత్తర అమెరికాలోని 25 అత్యవసర విభాగాల్లో నిర్వహించింది. ఫలితాలు 2009లో 'లాన్సెట్‌' పత్రికలో వెలువడ్డాయి. తలకు దెబ్బ తగిలి 24 గంటల్లోగా వచ్చిన 42,412 మంది పిల్లలను పరిశీలించగా, వారిలో 14,969 మందికి సీటీ తీశారు. మెదడుకు ముఖ్యమైన గాయం తేలినది 376 మందిలో. శస్త్రచికిత్స అవసరమైనది 60 మందికి మాత్రమే.

స్కాన్‌ తీస్తే నష్టమేమిటన్న ప్రశ్న సహజం. ఖర్చు సంగతి అలా ఉంచినా, ఎదిగే వయసులో మెదడుపై పడే ఎక్స్‌ కిరణాలు పూర్తిగా నిరపాయకరం కావు. బ్రిటన్‌లో బాల్యంలో సీటీ తీయించుకున్న వారిపై జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. పదేళ్లలోపు పిల్లల్లో ప్రతి 10 వేల తల స్కాన్లకు తదుపరి పదేళ్లలో అదనంగా ఒక రక్త క్యాన్సర్‌, ఒక మెదడు కణితి రావచ్చని అందులో అంచనా వేశారు. ముప్పు స్వల్పమే. అవసరం ఉన్న బిడ్డకు స్కాన్‌ ఆపడానికి అది కారణం కారాదు. అవసరం లేని బిడ్డకు మాత్రం ఆ స్వల్ప ముప్పును కూడా తెచ్చిపెట్టనక్కరలేదు.

నియమం చూసేవి సామాన్యమైన సంగతులే. బిడ్డ మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడుతున్నా, పుర్రె విరిగిన గుర్తులు కనిపించినా స్కాన్‌ తీయవలసిందే. అలాంటి పిల్లల్లో ముఖ్యమైన గాయం ఉండే అవకాశం నాలుగు శాతానికి పైనే. రెండేళ్లు నిండిన వారిలో స్పృహ తప్పడం, వాంతి, తీవ్రమైన తలనొప్పి, ప్రమాదం తీవ్రత చూస్తారు. రెండేళ్లలోపు వారిలో తలకు పక్కన, వెనుక వచ్చిన వాపు, అయిదు సెకన్లు గానీ అంతకు మించి గానీ స్పృహ తప్పడం, ప్రమాదం తీవ్రత, 'బిడ్డ ఎప్పటిలా లేదు' అన్న తల్లి మాట లెక్కలోకి వస్తాయి. నుదుటి బొప్పి ఒక్కటే ఉంటే దానిని ప్రమాద సూచికగా పరిగణించరు. తల్లులను ఎక్కువగా భయపెట్టేది అదే కావడం గమనార్హం. ఇక తల్లి మాటకు నియమంలోనే చోటు ఉండగా 'నీకేం తెలుసు, పక్కకు జరుగు' అనే సిబ్బందికి చెప్పవలసింది చాలా ఉంది.

ఈ మధ్యస్థ సూచికల్లో ఏదైనా ఉంటే ముఖ్యమైన గాయానికి అవకాశం ఒక శాతం లోపే. అప్పుడు వెంటనే స్కాన్‌ తీయాలా, కనిపెట్టి చూడాలా అన్నది వైద్యుని అనుభవం, సూచికల సంఖ్య, తల్లిదండ్రుల అభిమతాన్ని బట్టి నిర్ణయిస్తారు. మూడు నెలల లోపు శిశువు విషయంలో మరింత జాగ్రత్త. బ్రిటన్‌ జాతీయ మార్గదర్శకం ప్రకారం ఒకే సూచిక ఉన్న బిడ్డను దెబ్బ తగిలినప్పటి నుంచి కనీసం నాలుగు గంటలు పరిశీలనలో ఉంచాలి.

డాబా ఎత్తు ఎంత?

ప్రమాదం తీవ్రతను కొలిచే గీత దేశాన్ని బట్టి మారుతోంది. రెండేళ్లు దాటిన బిడ్డ అయిదడుగులకు మించిన ఎత్తు నుంచి పడితే అమెరికా నియమం దానిని తీవ్రమైనదిగా చూస్తుంది. బ్రిటన్‌ గీత మూడు మీటర్లు. మన ఊళ్లలో ఒక అంతస్తు డాబా సుమారు పదడుగులు.. ఒక లెక్కలో గీతకు చాలా పైన, మరో లెక్కలో సరిగ్గా గీత మీద. రెండేళ్లలోపు వారికి అమెరికా గీత మూడడుగులు కాగా, నులకమంచం ఆ ఎత్తుకు చేరదు. అరువు తెచ్చుకున్న నియమాన్ని ఇక్కడి పిల్లలపై పరీక్షించి చూడవలసిన అవసరం ఇందులోనే ఉంది.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి. ఈ నియమం 24 గంటల్లోపు వచ్చిన వారి కోసం రూపొందింది. గాయంలో కాఫీపొడి అద్ది, తెల్లవారాక ఆర్‌ఎంపీకి చూపి, రెండో రోజు వాంతులు మొదలయ్యాక పట్టణానికి తెచ్చే బిడ్డకు అది యథాతథంగా వర్తించదు. అక్కడ వైద్యుని వివేచనే ఆధారం. పుర్రె ఎక్స్‌రే తీసి 'బాగానే ఉంది' అని పంపడమూ పొరపాటే. ఎముక విరగకున్నా లోపల రక్తం గడ్డకట్టవచ్చు.

నియమం లేకుంటే వైద్యుడు తప్పుతాడనీ అనలేము. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని పది ఆసుపత్రుల్లో స్వల్ప గాయాలతో వచ్చిన 18,913 మంది పిల్లల వివరాలు 2018లో ప్రచురితమయ్యాయి. అక్కడి వైద్యులు 8.3 శాతం మందికే స్కాన్‌ తీశారు. ముఖ్యమైన గాయమున్న 160 మందిలో 158 మందిని ఆ స్కాన్లలోనే పట్టుకున్నారు. అయితే పక్కన సీనియర్లు, పరిశీలనకు పడకలు, పిలిస్తే పలికే నర్సులు ఉన్న చోటు అది. మన దేశంలో అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించినదే 2009లో. చిన్న పట్టణంలో అర్ధరాత్రి ఒంటరిగా విధుల్లో ఉన్న యువ వైద్యునికి కాగితం మీది నియమం అవసరం మరింత ఎక్కువ.

అతడు స్కాన్‌ వైపు మొగ్గడానికి కమీషన్లే కారణమని గిట్టనివారు అనవచ్చు. భయం పాత్రను మాత్రం తోసిపుచ్చలేము. వైద్యసేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని 1995లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆసుపత్రులపై దాడుల నివారణకు ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. స్కాన్‌ కాగితం చేతిలో ఉంటే రక్షణ అన్న భావన ఈ నేపథ్యంలోనిదే. ఏ లక్షణాలు చూశారు, ఎన్ని గంటలు పరిశీలించారు అన్నది కేసుషీటులో నమోదు చేస్తే అదీ రక్షణే అవుతుంది. దానికి యంత్రం అక్కర్లేదు.. ఒక పడక, గంటకోసారి చూసే నర్సు చాలు. చాలాచోట్ల కొరవడినది ఆ పడకే.

ద్విచక్ర వాహనంపై నాలుగేళ్లలోపు పిల్లలకు శిరస్త్రాణం, నడిపేవారితో కట్టి ఉంచే పట్టీ తప్పనిసరి చేస్తూ కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ఆచరణ ఎంతన్నది బడి వదిలే వేళ ఏ కూడలిలో నిలబడినా తెలుస్తుంది.

ఇంటికి పంపే ప్రతి బిడ్డ వెంట తెలుగులో ముద్రించిన చిన్న చీటీ ఒకటి ఇవ్వాలి. అందులో ఉండవలసినవి ఎక్కువేమీ కావు. బిడ్డ నిద్రపోవచ్చు, అయితే లేపితే మామూలుగా లేవాలి. వాంతులు ఆగకున్నా, తలనొప్పి పెరుగుతున్నా, ఫిట్స్‌ వచ్చినా, కాలూచేయీ స్వాధీనం తప్పినా, చెవి, ముక్కు నుంచి నీరు, రక్తం కారినా, లేపినా లేవకున్నా క్షణం ఆలస్యం చేయకుండా 108కు ఫోన్‌ చేయాలి.