యూనిఫాం విప్పితే అధికారం పోతుందా?

మా జవహర్‌నగర్‌లో పట్టాల్లేని ఇళ్ళలో బతికే ఆడవాళ్ళకి పోలీసు ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటాడు. "లుంగీ కట్టుకుని టీ తాగుతున్నా పోలీసు పోలీసే కదక్కా" అంది మా వీధిలో ఒకామె. చట్టానికి మాత్రం ఈ సంగతి సగమే తెలుసు.

2022 జులైలో మారేడ్‌పల్లి ఇన్‌స్పెక్టర్ మీద అత్యాచారం కేసు నమోదైంది. జరిగిందన్నది ఆయన స్టేషన్‌లో కాదు, ఎక్కడో వనస్థలిపురంలో, ఒక స్త్రీ ఇంట్లో. తుపాకీ చూపి బెదిరించాడని ఆరోపణ. అరెస్టు చేశారు, అక్టోబరులో ఉద్యోగంలోంచి తీసేశారు. మంచిదే. కానీ పోలీసు చేసే అత్యాచారానికి కఠినశిక్ష చెప్పే క్లాజు చదవండి: తన స్టేషన్ పరిధిలో, లేదా ఏదైనా స్టేషన్ ఆవరణలో, లేదా కస్టడీలో ఉన్న స్త్రీపై అయితేనే! 2024లో అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 64వ సెక్షన్ కూడా పాత హద్దులనే మళ్ళీ గీసింది. పరిధి దాటిన పోలీసు గురించి ఆ క్లాజు నోరు మెదపదు.

పోనీ, డ్యూటీలో ఉన్నవాళ్ళకైనా శిక్ష పడిందా? 1978లో నల్లకుంట స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం జరిగిందని ముక్తదర్ కమిషన్ తేల్చింది. కేసు రాయచూరుకి వెళ్ళింది, పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

డ్యూటీలో ఉంటే విధి నిర్వహణ, లేకపోతే వ్యక్తిగత విషయం. ఇక జవాబుదారీ ఎప్పుడు?

అందుకే ఆ క్లాజులోంచి 'పరిధి' పోవాలి. 2006లో సుప్రీంకోర్టు ఏర్పాటు చెయ్యమన్న పోలీసు ఫిర్యాదుల సంస్థలు ప్రతి జిల్లాలో మా వీధి ఆడవాళ్ళకి అందాలి. డ్యూటీ వేళల్ని కాదు, అధికారాన్ని విచారించాలి. భయానికి షిఫ్టులుండవు.