విద్యార్థులు - మద్యపానము

విద్యకై ధనము వెచ్చించుటలో గుంటూరు ప్రాంతమువారు ఎవ్వరికిని తీసిపోరు. కల్లములో ఎండిన మిరపకాయ యార్డునకు చేరి, కమీషను వ్యాపారి చేతినుండి సొమ్ము అందగానే, అందు మొదటి భాగము పిల్లవాని కళాశాల జీతమునకును వసతిగృహపు ఖర్చునకును పోవుచున్నది. పత్తి పురుగుపాలైన యేడు సయితము, అప్పు చేసియైనను, ఈ వ్యయమును మానుకొను గృహస్థు అరుదు. ఇందుకు ప్రతిగా తండ్రి కోరునది యొక్కటియే: చదివినది పిల్లవాని మనస్సున నిలువవలెను. ఇంత ఖరీదుపెట్టి పెంచుచున్న ఆ జ్ఞాపకశక్తిని మన బాలురు విందురాత్రులందు తామే చెఱుపుకొనుచుండగా, పెద్దలమైన మనము చూచియు చూడనట్లు ఊరకున్నాము. ఈ విషయమును గూర్చి దాపఱికము లేక చెప్పవలసిన సమయము వచ్చినది.

మేమిచ్చట ప్రస్తావించునది నిత్యము త్రాగి ఇల్లు గుల్ల చేసికొను త్రాగుబోతును గూర్చి కాదు. పరీక్షలు ముగిసిన సాయంకాలము, స్నేహితుని పుట్టినదినము, జనవరి ఒకటవ తేది ముందటి రాత్రి, పెండ్లి ఊరేగింపు - ఇట్టి సందర్భములందు నలుగురు బాలురు కూడి, గంట రెండుగంటలలో తమ శక్తికి మించి త్రాగు అలవాటును గూర్చి చెప్పుచున్నాము. మిగిలిన దినములలో వారు దానిని ముట్టరు. కావుననే పెద్దలు దీనిని దోషముగా నెంచరు. “వాడు తూలలేదు, పడిపోలేదు, తెల్లవారి లేచి చదువుకొనుటకు పోయినాడు, చెడినదేమి?” అని యందురు. ఈ పరీక్షయే తప్పు. కాలు తడబడకుండినంతమాత్రమున మెదడు క్షేమముగా నున్నదని తలచుట పెద్ద భ్రమ.

మెదడున ఇరుప్రక్కల లోపలి భాగమున హిప్పోకాంపస్ అను చిన్న యవయవము కలదు. సముద్రపుగుఱ్ఱమను చేపను పోలియుండుటచే గ్రీకుభాషనుండి దానికాపేరు వచ్చినది. నేడు చూచినది, విన్నది, చదివినది రేపటికి నిలుచుటకు అదియే ద్వారము. నాడీకణములు గ్లూటమేటు అను రసాయనముద్వారా ఒకదానికొకటి కబురంపుకొనును. కబురు మాటిమాటికి నడచిన దారి బలపడును. జ్ఞాపకమునకు ఆ బలపడుటయే పునాది. మద్యము ఆ కబురందుకొను గ్రాహకములను అడ్డగించును. రక్తమున దాని పాలు వేగముగా పెరిగినప్పుడు ద్వారము మూతపడును. అప్పటికిని బాలుడు మాటలాడును, పాడును, మోటారుసైకిలు నడుపును. లోపల మాత్రమేదియు వ్రాయబడదు. తెల్లవారిన పిమ్మట “ఏమి జరిగినదో నాకు తెలియదు” అని వాడు చెప్పినచో అది బొంకు కాకపోవచ్చును. అది మఱపు కాదు. మఱచుటకు ముందు జ్ఞాపకమంటూ ఉండవలెను గదా! గుమాస్తా కలము పట్టని దినపు లెక్క చిట్టాలో ఎంత వెదకినను దొరకనట్లే యిదియును.

ఇది అరుదైన సంగతియు కాదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున 772 మంది విద్యార్థులను ప్రశ్నించి 2002లో ప్రకటించిన పరిశీలనలో, ఎన్నడైనను మద్యము త్రాగినవారిలో నూటికి 51 మంది ఇట్టి చీకటిగంటలు తమకు కలిగినవని యొప్పుకొనిరి. ఆ గంటలలో తాము వాహనములు నడిపితిమని తరువాత ఇతరులు చెప్పగా తెలిసికొన్నవారును అందు కలరు.

వయస్సు విషయము మఱింత గమనింపదగినది. మెదడు ఇరువదియేండ్లు దాటిన పిమ్మటను పెరుగుచునే యుండును; మంచిచెడ్డల వివేచనకును నిగ్రహమునకును సంబంధించిన ముందుభాగము అన్నిటికంటె ఆలస్యముగా పరిపక్వమగును. కౌమారదశలోని ఎలుకలకు మద్యమిచ్చి చూచిన శాస్త్రజ్ఞులకు ఒక విచిత్రము కనబడినది. పెద్ద ఎలుకలకంటె వాటి నడక తక్కువగా తడబడినది, అవి నిద్రమత్తునకు ఆలస్యముగా లొంగినవి. కాని నేర్చినది నిలుపుకొనుటలో పెద్దవానికంటె ముందుగా ఓడినవి. 1998లో ప్రకటితమైన మఱియొక పరిశోధనలో 21 మొదలు 24 ఏండ్ల వారిని, 25 మొదలు 29 ఏండ్ల వారిని పోల్చి చూడగా, మద్యమువలన చిన్నవారి జ్ఞాపకమే ఎక్కువగా దెబ్బతిన్నది. దీనినిబట్టి తూలని బాలుని చూచి తండ్రి సంతోషింపదగినది ఏమియు లేదు. తూలడు గనుక మఱియొక గ్లాసు త్రాగగలడు. త్రాగినకొలది లోపలి నష్టము హెచ్చును.

ఆ నష్టము ఒక్కరాత్రితో తీఱునా? మద్యమునకు దాసులైన పదునైదు పదునాఱేండ్ల బాలబాలికలను అమెరికాలోని సాన్‌డియాగోలో పరీక్షించి 2000లో ప్రకటించిన ఫలితమునుబట్టి, మూడు వారములు మద్యము ముట్టకుండిన తరువాతను, నేర్చినదానిని జ్ఞప్తికి తెచ్చుకొనుటలో వారు తోడి పిల్లలకంటె నూటికి పదివంతులు వెనుకబడియుండిరి. ఆ సంవత్సరమే ప్రకటితమైన వేఱొక పరిశోధన అట్టి పిల్లల హిప్పోకాంపస్ పరిమాణమున చిన్నదిగా నున్నట్లు చూపినది. మొదటినుండియు మందబుద్ధులైనవారే త్రాగుచున్నారేమో యని కొందఱు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. అందుకే తరువాతి పరిశోధకులు పిల్లలు మద్యమును ముట్టకముందే పరీక్షించి, కొన్నియేండ్లకు మఱల పరీక్షించిరి. అధికముగా త్రాగినవారి మెదడు పెరుగుదల త్రాగనివారి పెరుగుదలకు భిన్నముగా నడచినది. మానివేసినవారికి కొంత శక్తి తిరిగి వచ్చుననుట ఆశాజనకమే. కాని పరీక్షకు కూర్చుండు వయస్సు తిరిగి రాదు.

అధికమనగా ఎంత? నూఱు మిల్లీలీటర్ల రక్తమున 80 మిల్లీగ్రాముల ఆల్కహాలు చేరునట్లు త్రాగుటను అమెరికా ప్రభుత్వ పరిశోధనాసంస్థ 2004లో ఇట్టి మితిమీరిన పానమునకు హద్దుగా నిర్ణయించినది. మనదేశమున 30 మిల్లీగ్రాములు దాటినవాడు వాహనము నడుపుటయే నేరము. అంగడిలో అమ్ము 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు కలదు. అరువది కిలోల బరువుగల బాలుడు ఆ యొక్క సీసాను రెండుగంటలలో ఖాళీచేసినచో పై హద్దును దాటుట సాధారణము. “ఒక్క క్వార్టరే గదా” యను మాటలోని అల్పత్వము ఎంత మోసకరమో పాఠకులే గ్రహింపవచ్చును. 2024 అక్టోబరులో మన రాష్ట్రమున అంగళ్లు మఱల ప్రైవేటువారి చేతికి వచ్చినప్పుడు, అట్టి సీసా 99 రూపాయలకు లభించునట్లు ఏర్పాటు చేయబడినది. అది విద్యార్థి జేబునకు అందని వెల కాదు.

ఆంధ్రులకు మద్యనిషేధము క్రొత్త మాట కాదు. 1921 నాటి సహాయనిరాకరణోద్యమమున కల్లు దుకాణములయొద్ద స్వచ్ఛందసేవకులు నిలిచి త్రాగువారిని చేతులు జోడించి వారించిరి. 1948 నాటికి చెన్నరాష్ట్రమంతట నిషేధము అమలునకు వచ్చినది. ఆంధ్రరాష్ట్రమేర్పడిన మఱుసటి యేడు, 1954లో, ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధ సమస్యపైననే ఒక్క వోటు తేడాతో పడిపోయినది. 1992లో నెల్లూరుమండలపు దూబగుంట స్త్రీలు సారాపై లేచిన ఫలితముగా 1993 అక్టోబరు 1న సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. 1997లో రెండవది సడలిపోయినది. ఈ యుద్యమములన్నిటను మనము లెక్కించిన నష్టము కూలిడబ్బులు, భార్య కన్నీరు, పిల్లల యాకలి. ఆ లెక్క సత్యమే. కాని త్రాగు పిల్లవాని మెదడు ఆ పద్దులో చేరలేదు. సారాత్రాగు కూలివానిని నిందించిన మోతుబరి, తన కొడుకు చేతిలోని ఖరీదైన సీసాను సభ్యతగా నెంచినాడు. మెదడునకు సారాయని, విస్కీయని భేదము లేదు.

అవధానము పుట్టి పెరిగిన భాష మనది. నూర్గురడిగిన పద్యములను ఏకరువు పెట్టు ధారణను మన పూర్వులు విద్యకు శిఖరముగా నెంచిరి. నరసరావుపేట ప్రాంతమునందలి కొప్పరమునుండి వెడలిన కొప్పరపు సోదరకవులు ఆశుకవిత్వముచేతను, శతావధానములచేతను దేశమంతట కీర్తిగాంచిరి. ధారణ యన నెట్టి సంపదయో ఈ నేలకు మఱియొకరు బోధింపనక్కఱలేదు.

ఇక చేయవలసినదేమి? మద్యము ఇరువదియొక యేండ్లలోపు వారికి అమ్మరాదని మన రాష్ట్రపు నియమము. వయస్సు ధ్రువపత్రము చూడక సీసానందించు అంగడివానిపై చర్య తీసికొనుటకు క్రొత్త చట్టమక్కఱలేదు. ఉన్నదానిని అమలు జరిపిన చాలును. కళాశాలల యాజమాన్యములు త్రాగిన బాలుని గుట్టుగా ఇంటికి పంపి చేతులు దులుపుకొనక, మెదడుపై మద్యము చేయు పనిని తరగతిలో పాఠముగా చెప్పింపవలెను. భయపెట్టుటకంటె తెలియజెప్పుట మేలు. ఒకడు త్రాగి స్మృతి తప్పినచో, తోడివారు శిక్షకు వెఱచి వానిని గదిలో దాచక వైద్యునియొద్దకు కొనిపోవుటకు ధైర్యము కలుగునట్లు నియమములుండవలెను. అట్టి రాత్రి పోవునది జ్ఞాపకమే కాదు, ప్రాణమును పోవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన పని మన యిండ్లలో నున్నది. పెండ్లిలో కుఱ్ఱవాండ్రకని వేఱుగా గది యేర్పఱచి సీసాలు పంపుచున్నవారెవరు? ఎన్నికలలో జెండా పట్టిన బాలునికి కూలితోపాటు మందు పోయించుచున్నవారెవరు? అవి బాలుర డబ్బుతో కొన్నవి కావు, మనవి. 2019లో ప్రకటింపబడిన అఖిలభారత పరిశీలన, పది మొదలు పదునేడేండ్ల పిల్లలలో నూటికి 1.3 వంతు మద్యము వాడుచున్నట్లు తేల్చినది. ఆ సంఖ్య చిన్నదని సంతోషింపవచ్చును. చిన్నదిగా నున్నప్పుడే ఆపవచ్చునని పూనుకొనవచ్చును. రెండవ మార్గమే వివేకుల మార్గము. ఈ పెండ్లికాలమున మన మండలపు గృహస్థులు ఆ యొక్క గది తలుపు మూయింతురేని, కల్లముపై కావలికాచి కూడబెట్టిన ధనము నిజముగా విద్యయై నిలుచునని మా విశ్వాసము.