సీసా మీద చీటీ

కంపైలర్ అప్‌గ్రేడ్ చేశాక షేర్డ్ లైబ్రరీ దొరకలేదని ప్రోగ్రాం మొరాయిస్తే, ఎవరినడిగినా వచ్చే సలహా ఒకటే: "దానికేముంది, ఒక సిమ్‌లింక్ కొట్టెయ్." సీనియర్లు జూనియర్లకు చెబుతారు. ఆ జూనియర్లు సీనియర్లయ్యాక మళ్లీ అదే చెబుతారు. ఇంత చెడ్డ సలహా ఇంత ధీమాగా చెలామణీ కావడం నేను మరోచోట చూడలేదు.

మెషీన్‌లో ఏఆర్‌ఎం చిప్పుల కోసం విడిగా పెట్టుకున్న పాత క్రాస్ కంపైలర్ ఒకటి ఉందనుకుందాం. సిస్టమ్ జీసీసీని అప్‌గ్రేడ్ చేశారు. దాంతోపాటు ఎంపీఎఫ్‌ఆర్ లైబ్రరీ 3.1 నుంచి 4.0కి మారింది, పాతది పోయింది. మర్నాడు క్రాస్ కంపైలర్‌ని వెర్షన్ అడిగితే బుద్ధిగా చెబుతుంది. ఒక్క సీ ఫైలు చేతిలో పెడితే మాత్రం 'లిబ్‌ఎంపీఎఫ్‌ఆర్.ఎస్‌ఓ.4 తెరవలేను, అలాంటి ఫైలు లేదు' అని చేతులెత్తేస్తుంది. వెర్షన్ చెప్పేది వాకిట్లో కూర్చున్న జీసీసీ. అసలు చాకిరీ చేసేది లోపలి సీసీ1. ఎంపీఎఫ్‌ఆర్‌తో లింకైంది ఆ సీసీ1. ఇది తెలియక జీసీసీ మీద ఎల్‌డీడీ నడిపి, అన్నీ ఉన్నాయే అని తల గోక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను. (పైగా ఎస్‌ఓ.4 అనేది ఎంపీఎఫ్‌ఆర్ 3.1ది, 4.0 వచ్చేసరికి అది ఎస్‌ఓ.6. ఈ అంకెల గజిబిజికి ఎవరినీ తప్పు పట్టలేం.)

సలహాదారు ఇక్కడ రంగంలోకి దిగుతాడు. ఎస్‌ఓ.6 ఉంది కదా, దానికే ఎస్‌ఓ.4 అని లింకు పెడతాడు. కంపైలర్ నడుస్తుంది, అందరూ టీకి వెళతారు.

డాక్టరు రాసిన మందు లేదని షాపువాడు నిజాయితీగా చెబితే, పక్కనున్న సీసాకి ఆ పేరు చీటీ అతికించి ఇంటికి తెచ్చుకోవడం లాంటిదిది. పాత ప్రోగ్రాములకు పొసగని మార్పులు చేసినప్పుడు లైబ్రరీ రాసినవాళ్లు ఆ చివరి అంకె మారుస్తారు. లోడర్ ఆ అంకె చూసి ఆగిందంటే తన పని తాను చేసిందన్నమాట. మనం దాని నోరు మూయించాం.

అదీ ఏ లైబ్రరీ విషయంలో? జీసీసీ 4.3 నుంచి, అంటే 2008 నుంచి, మీ కోడ్‌లో 2కి వర్గమూలం అనో 1కి సైన్ అనో స్థిరాంకం మీద లెక్క రాస్తే కంపైల్ చేసేటప్పుడే దాన్ని తేల్చి ఆ విలువను ప్రోగ్రాంలో పొదిగేది ఎంపీఎఫ్‌ఆర్ సాయంతోనే. అక్కడ తేడా వస్తే కంపైలర్ కూలిపోనక్కర్లేదు. తప్పు అంకె చడీచప్పుడూ లేకుండా మీరు తయారుచేసే ప్రోగ్రాంలో చేరవచ్చు. "మాకు పనిచేసింది" అంటారు చాలామంది. నిజమే, పనిచేసింది. ఏ ఫంక్షన్ మారిందో, దాన్ని సీసీ1 పిలుస్తుందో లేదో చూసి చెప్పినవాడు మాత్రం ఇంతవరకు నాకు తారసపడలేదు.

ఫోర్ట్రాన్‌వాళ్లు కాస్త అదృష్టవంతులు. జీసీసీ 6 దాకా లిబ్‌జీఫోర్ట్రాన్ ఎస్‌ఓ.3గా ఉండేది. జీసీసీ 8కి ఎస్‌ఓ.5 అయింది. ఎర్రేల వివరాలు దాచుకునే పద్ధతే మారిపోయింది. ఇక్కడ లింకు కొట్టినా, లోపలి సింబల్ వెర్షన్లు కలవవు కాబట్టి లోడర్ రెండోసారి ఆపుతుంది. ఎంపీఎఫ్‌ఆర్‌కి ఆ రెండో కాపలా లేదు.

ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ని బాష్‌ఆర్‌సీలో పడేసేవాళ్లదీ ఇదే తంతు. ఒక్క ప్రోగ్రాం కోసం పెట్టిన దారిలో ఆ షెల్ నుంచి లేచే ప్రతి ప్రోగ్రామూ నడుస్తుంది. ఆర్నెల్ల తర్వాత సంబంధం లేని ఇంకేదో పడిపోతే ఆ లైను ఎవరికి గుర్తుంటుంది?

మరి చేయాల్సిందేమిటి? పాత లైబ్రరీని కొత్తదాని పక్కనే పెట్టుకోవడం. ఫైలు పేరులో అంకె ఉన్నదే రెండూ కలిసి బతకడానికి. డెబియన్‌లో లిబ్‌ఎంపీఎఫ్‌ఆర్4, లిబ్‌ఎంపీఎఫ్‌ఆర్6 అని వేర్వేరు ప్యాకేజీలుగా ఇచ్చింది అందుకే. లేదంటే క్రాస్ కంపైలర్‌నే కొత్త లైబ్రరీతో మళ్లీ బిల్డ్ చేయాలి. ఒక పూట పని.

ఒక్కటి ఒప్పుకుంటాను. 'జీఎల్‌ఐబీసీఎక్స్‌ఎక్స్ 3.4.30 దొరకలేదు' అన్నది వేరే రోగం. 2004లో వచ్చిన జీసీసీ 3.4 నుంచి లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్ ఎస్‌ఓ.6గానే ఉంటూ, పాతవి వదలకుండా కొత్తవి చేర్చుకుంటూ వచ్చింది. అక్కడ కొత్త ఫైలున్న చోటు చూపించడం సరైన వైద్యమే, అదీ ఆర్‌పాత్‌తో ఆ ప్రోగ్రాంకి మాత్రమే చూపిస్తే ఇంకా మేలు.

ఇవాళ మీ లైబ్రరీ ఫోల్డర్లో ఎల్‌ఎస్ -ఎల్ కొట్టి చూడండి. ఎస్‌ఓ.4 పక్కన బాణం ఎస్‌ఓ.6 వైపు చూపిస్తుంటే ఆ లింకు తీసేయండి. దాని మీద కంపైల్ చేసినవన్నీ మళ్లీ కంపైల్ చేయండి.