కట్ట కింది దేశం

త్రిశంకుడి కోసం విశ్వామిత్రుడు నిర్మించిన స్వర్గంలో కొత్త సప్తర్షులున్నారు, కొత్త నక్షత్రాలున్నవి. ఇక కొత్త ఇంద్రుణ్ణి కూడా సృష్టించబోతుండగా దేవతలు వచ్చి బ్రతిమాలుకొన్నారని రామాయణం చెప్పుతున్నది. ఆ స్వర్గానికి లేనిదల్లా ఒక్కటే. దాని నిర్మాణంలో మరొకరి చేయి లేదు, మరొకరి సమ్మతి లేదు. తుదకు కుదిరిన రాజీలో నక్షత్రాలు నిలిచినవి గాని, త్రిశంకుడు మాత్రం తలక్రిందులుగానే ఉండిపోయినాడు. ఎటూ కాని స్థితికి తెలుగువారు ఈనాటికీ ఆయన పేరే చెప్పుకొంటారు.

లేని లోకాలను సృష్టించడానికి ఇప్పుడు తపస్సు అక్కరలేదు. ప్రపంచంలో పది మూలల ఉన్న పదిమంది ఇంటర్నెట్టు మీద కలుసుకొని, తలా ఒక దేశాన్ని కల్పించుకొని, ఆ దేశాల యుద్ధాలనూ, సంధులనూ, వర్తకాలనూ, వియ్యాలనూ వంతులవారీగా వ్రాసుకొంటారు. ఆస్ట్రేలియా నవలాకారుడు మాక్స్ బారీ తన నవలకు ప్రచారంగా ఉంటుందని 2002లో నేషన్‌స్టేట్స్ అనే ఆటను ప్రారంభిస్తే, అందులో లక్షల దేశాలు వెలసినవి. నవల సంగతి ఎరుగనివారు కూడా దేశాలు ఏలుకొంటున్నారు. దీనిని పెద్దలు పనిలేనివారి కాలక్షేపమంటారు. కాలక్షేపమే కావచ్చును. అయితే ఇందులో ఒక నియమమున్నది. అది మాత్రం కాలక్షేపానికి మించినది.

ఒకడు తన సేనాపతి బాణం వేసినాడని వ్రాయవచ్చును. ఆ బాణం తగిలిందని వ్రాయడానికి అతనికి అధికారం లేదు. తగిలిందో, తప్పిందో, కవచం మీద పడి విరిగిందో వ్రాయవలసినవాడు అవతలివాడు. తన దెబ్బ తానే వేసి, అవతలివాడి చావు కూడా తానే వ్రాసుకొనేవాణ్ణి తోడి ఆటగాళ్లు బంతిలో కూర్చోనివ్వరు. తెలుగువారికి ఈ నీతి బొత్తిగా కొత్తది కాదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి ఇటువంటిదే. పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు. అవధాని ఆ నిషేధాల సందులలో నుంచే పద్యాన్ని నడిపించుకొని బయటపడాలి. కాదనేవాడు ఎదుట కూర్చున్నందువల్లనే ఆ పద్యానికి సభలో అంత విలువ.

కాదనేవాడికి చోటు లేనప్పుడు ఏమవుతుందో ఇంగ్లండులో ఒక పురోహితుడి ఇంట జరిగింది. 1826లో బ్రాంటీగారు కుమారుడు బ్రాన్వెల్‌కు కొయ్య సిపాయిల పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చినాడు. నలుగురు పిల్లలూ తలా ఒక సిపాయిని పంచుకొని, ఆఫ్రికా తీరాన ఒక గాజు నగరాన్ని కట్టి, చీమతలకాయలంత అక్షరాలతో దాని చరిత్రలు వ్రాసినారు. పెద్దవారైన షార్లొట్, బ్రాన్వెల్ దానిని ఆంగ్రియా అనే సామ్రాజ్యంగా పెంచినారు. చిన్నవారైన ఎమిలీ, ఆన్‌లు అక్కా అన్నల పెత్తనం సరిపడకనో ఏమో, వేరుపడి పసిఫిక్ సముద్రంలో గోండల్ అనే దీవిని కట్టుకొన్నారు. పిల్లల ఆటలోనైనా మాట చెల్లని చోట విభజన తప్పలేదు.

ఇక ఈనాటి ఊహాదేశాలలో అధికభాగం ఒకే అచ్చున పోసినట్టుంటవి. పతాకం, రాజముద్ర, వెయ్యేండ్ల వంశావళి, ఓటమి ఎరుగని అశ్వికదళం, తరగని బంగారు గని. రాజుగారి తాత కత్తికి సైతం ఒక పేరుంటుంది. రాజధానిలో చేదబావి ఎక్కడున్నదో ఎవరికీ తెలియదు. ఇది ఇప్పటి పిల్లల లోపమనడానికి వీలులేదు. పురవర్ణనకు పూనుకొన్న మన ప్రబంధకవులు మేడలనూ, ఏనుగులనూ, వారకాంతలనూ వర్ణించినంత ఓపికతో మురుగుకాలువను వర్ణించిన పాపాన పోలేదు. 2015లో ‘బాహుబలి’ వచ్చినప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్ల ముందు జనం బారులు తీరినారు. మాహిష్మతి అనే పేరును నర్మదాతీరపు ప్రాచీన నగరం నుంచి తెచ్చుకొన్నారు. కాలకేయులకు కిలికి అనే భాషనే మదన్ కార్కి కల్పించి ఇచ్చినాడు. అంత శ్రద్ధగా కట్టిన రాజ్యంలో రైతు ఏమి పండిస్తాడో, నీరెక్కడ పెడతాడో చూచినవారికి గుర్తుండదు. మూడు గంటల చిత్రానికి అది అవసరమూ కాదు. పదిమంది కలిసి ఏండ్ల తరబడి వ్రాసుకొనే దేశానికి మాత్రం అది లేకపోతే ఆరు నెలలలో కథ ఎండిపోతుంది. కొరత ఉన్నవాడే గదా పక్కవాడి గడప తొక్కేది! బంగారు గని ఉన్నవాడికి సంధి దేనికి?

దేశాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోగోరేవారు హైదరాబాదులో లోయర్ ట్యాంక్ బండ్ మీదుగా ఒకసారి నడిచి రావాలి. ఆ పేరే ఒక రాజ్యాంగం. పైన కట్ట, కింద జనం. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562–63 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఆ కట్ట పడింది. కట్ట పడిన నాడే కింది భూమికి ఒక భయం పుట్టింది. ఆ భయానికి తోడుగా కట్ట మైసమ్మ వెలసింది. ఆమె గుడి ఈనాటికీ లోయర్ ట్యాంక్ బండ్ మీదనే ఉన్నది. తెలంగాణంలో ఏ ఊరి చెరువుకైనా కట్టను కాచే మైసమ్మ ఉంటుంది. ముందు నీరు, తరువాత కట్ట, కట్ట తెగుతుందేమోనన్న దిగులు, ఆ దిగులును అప్పజెప్పుకోవడానికి ఒక అమ్మ – వరుస ఇది. ఊహాదేశాలవారు ముందు పన్నెండుమంది దేవతలకు పేర్లు పెట్టి, ఆ పైన వారికి పనులు వెదకుతారు.

కట్ట మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలున్నవి. 1980ల దశకంలో ప్రభుత్వం ఎంపిక చేసి నిలిపినవి. ఎంపికలో తమను అడిగినవారు లేరనీ, తమవారు అందులో బహు కొద్దిమందే ఉన్నారనీ తెలంగాణ ప్రాంతీయులకు మొదటినుంచీ మనసులో ఉన్నది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌నాడు అందులో పలు విగ్రహాలు కూలినవి. కవుల విగ్రహాలు కూలినందుకు నొచ్చుకొన్నవారి బాధ సహజమే. అయినా ఒక దేశానికి మహనీయులెవరో ఒక్కచోట కూర్చుని నిర్ణయిస్తే, అడగబడనివారు ఏదో ఒకనాడు తమ వంతు వ్రాయకమానరు. వంతు ముందే ఇచ్చి ఉంటే ఆ వ్రాత మరొక తీరుగా ఉండేదేమో.

కట్ట దిగితే నాలా. సాగరు నిండి మత్తడి పోసినప్పుడు ఆ నీరు అశోక్‌నగర్, నారాయణగూడల మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టు 24న నగరం మీద ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. అశోక్‌నగర్, దోమలగూడ, గాంధీనగర్ ఇండ్లలోకి నీరు వచ్చింది. 2020 అక్టోబరులో మళ్లీ వచ్చింది. నాలా వెడల్పు ఎంత ఉండవలసింది, ఎంత మిగిలింది, అంచున ఇండ్లకు అనుమతులిచ్చినదెవరు అన్న చర్చ వాన వెలిసిన వారం వరకూ సాగి తానూ వెలుస్తుంది.

ఇక్కడ ఆ బాణం నియమాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. కట్ట మీదివాడు నీరు వదిలినట్టు వ్రాయవచ్చును. ఇల్లు మునిగిందో లేదో, మునిగితే బియ్యపు డబ్బా తడిసిందో, పిల్లల సర్టిఫికెట్లు కొట్టుకుపోయినవో వ్రాయవలసినవాడు కిందివాడు. ఆటలో ఈ మర్యాద చెల్లుతుంది. బ్రతుకులో నీరు వదిలినవాడే నష్టం అంచనా కూడా వ్రాస్తాడు. ఎన్ని ఇండ్లు మునిగినవో, ఒక్కొక్కదానికి ఎంత ఇస్తే సరిపోతుందో ఆ కాగితం మీదనే ఉంటుంది. పిల్లలాట అనుకొనేదానిలో ఉన్న న్యాయం పెద్దల పాలనలో లేకపోవడం సిగ్గుపడవలసిన సంగతి.

ఈ నాలా పారే పేటలలోనే వేలమంది యువకులు రాజ్యాంగాన్ని కంఠస్థం చేస్తున్నారు. జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ ఇరుకు గదులలో అద్దెకుండి, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే చోటు పట్టుకొని, గ్రూప్ పరీక్షల కోసం అధికరణాల సంఖ్యలు వల్లెవేస్తారు. రాజ్యాంగసభ 1946 డిసెంబరు 9న మొదలైనదనీ, 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించినదనీ, ముసాయిదాకు 7,635 సవరణలు వచ్చినవనీ, వానిలో 2,473 సభలో ప్రతిపాదింపబడినవనీ వారు నిద్రలో అడిగినా చెప్పగలరు. రెండువేల నాలుగువందల డెబ్బది మూడు సార్లు ఎవరో ఒకరు లేచి ‘ఇది ఇట్లా కాదు’ అన్నారన్నమాట. మన దేశం కాగితం మీద తయారైన పద్ధతి అది. ఆ సంఖ్యను నేర్చుకొన్న పిల్లవాడికి ఒక్కసారైనా లేచి ‘ఇది ఇట్లా కాదు’ అనే అవకాశం చదువు ఇవ్వలేదు. నాలుగు జవాబులలో ఒకటి ఎంచుకోవడమే అతని వంతు. రేపు ఉద్యోగం వస్తే అతడు కట్ట మీద కూర్చుంటాడు. కింద ఏముంటుందో ఊహించే అలవాటు అప్పుడెక్కడినుంచి రావాలి?

పరీక్ష తలమీద ఉన్నవారికి ఆటలేమిటని కోచింగు సెంటర్లవారు అడగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నే. దీనివల్ల ఒక్క మార్కు రాదు. అయినా ఆదివారం సాయంత్రం లైబ్రరీ నుంచి తిరిగివచ్చి టీ కొట్టు దగ్గర నిలుచునే గంటలో అయిదుగురు కలిసి ఒక దేశం మొదలుపెట్టుకొంటే వచ్చే నష్టం కూడా లేదు. పతాకం తరువాత చూచుకోవచ్చును. ముందు ఒక చెరువు గీయాలి. దానికి కట్ట, తూము, మత్తడి గుర్తుపెట్టి, ఒకరికి కట్ట అప్పగించాలి. నాలా వెంబడి ఉన్న నాలుగు పేటలను తక్కిన నలుగురూ తీసుకోవాలి. వాన మొదలైనదని కట్టవాడు వ్రాసి, కలం అశోక్‌నగర్‌వాడి చేతికి ఇవ్వాలి.