పంపకవి కర్ణుడు, ప్రభాస్ కర్ణుడు

2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ మీద జరిగినంత వాదం తెలుగులో మరే సైన్స్ ఫిక్షన్ సినిమా మీదా జరిగినట్టు లేదు. ఆ వాదంలో సైన్సు మాత్రం మచ్చుకైనా కనపడదు. కాంప్లెక్స్ అనే ఆ తలకిందుల పిరమిడ్ గాలిలో ఎలా నిలబడింది, గర్భంలోంచి తీసిన సీరం ముసలివాడికి పడుచుదనం ఎలా ఇస్తుంది అని అడిగినవాళ్లు తక్కువ. అశ్వత్థామ నుదుటి మణిని కృష్ణుడెలా తీసుకుంటాడని మాత్రం గట్టిగా అడిగారు. బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’లో భీష్ముడిగా దేశమంతా ఎరిగిన ముకేష్ ఖన్నా అడిగారు. ఆచార్య ప్రమోద్ కృష్ణం లీగల్ నోటీసే పంపారు. 2025 జనవరిలో విజయవాడ దగ్గర జరిగిన హైందవ శంఖారావం సభలో పాటల రచయిత అనంత శ్రీరామ్ కర్ణుణ్ణి ఆకాశానికెత్తడాన్ని తప్పుపట్టారు.

బయటి దేశాల్లో ఈ తగువు తీరు వేరు. అక్కడ వేదం లాంటి మూలం ఏ అసిమోవ్‌దో, ఏ ఫ్రాంక్ హెర్బర్ట్‌దో అయివుంటుంది. 2004లో వచ్చిన ‘ఐ, రోబో’ పుట్టుకలో అసిమోవ్ కథే కాదు. జెఫ్ వింటర్ ‘హార్డ్‌వైర్డ్’ పేరుతో రాసుకున్న హత్య కథకు తర్వాత అసిమోవ్ రోబో సూత్రాలు మూడూ, ఆయన పాత్ర సూసన్ కాల్విన్ పేరూ తెచ్చి అతికించారు. యంత్రం మనిషి మీద తిరగబడుతుందన్న పాత భయం పనికిమాలినదని అసిమోవ్ చెబుతూ వచ్చాడు. సినిమాలో రోబోలు గుంపులు గుంపులుగా మనుషుల మీద పడ్డాయి. పాఠకులకు మండిందంటే మండదా మరి! స్తానిస్లావ్ లెమ్ అయితే పాఠకుల దాకా రానివ్వలేదు, తన ‘సొలారిస్’ను 1972లో తెరకెక్కించిన తార్కోవ్‌స్కీతో తానే పోట్లాడాడు. మనిషి బుద్ధికి అందని ఒక సముద్రం గురించి తాను రాస్తే, ఆయన మనిషి పాపభీతి గురించి తీశాడని లెమ్ గోడు. లెమ్ గోడు న్యాయమైనదే. ఆ సినిమా గొప్పదన్నదీ కాదనలేం.

మనకూ ఒక వెల్స్ ఉన్నాడు. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషిన్’ చదువుకునే రోజుల్లో తనను పట్టుకుందని, 1991 నాటి ‘ఆదిత్య 369’కు బీజం అదేనని సింగీతం శ్రీనివాసరావు చెప్పారు. వెల్స్ యంత్రం వెనక్కి పోదు. ముందుకు, 8,02,701వ సంవత్సరానికి పోతుంది. అప్పటికి మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు. నేల మీద పని అన్నది ఎరగని ఎలాయ్‌లు, నేల కింద చీకట్లో యంత్రాలు నడిపే మార్లాక్‌లు. రాత్రయితే కిందివాళ్లు పైకొచ్చి పైవాళ్లను తింటారు. మిల్లు యజమానికీ కూలీకీ మధ్య దూరం అలాగే పెరుగుతూ పోతే ఎక్కడ తేలుతుందో వెల్స్ కట్టిన లెక్క అది. సింగీతం ఆ లెక్కను పక్కన పెట్టి యంత్రాన్ని 1526కు, కృష్ణదేవరాయల కొలువుకు తిప్పారు. తర్వాత 2504కూ పంపారు గానీ అక్కడ వెల్స్ చెప్పిన చీలిక లేదు. మనకు వజ్రం దొరికింది, పాటలు దొరికాయి, తెనాలి రామకృష్ణుడు దొరికాడు. హాయిగా చూశాం, 2025లో మళ్లీ విడుదల చేస్తే మళ్లీ చూశాం. వెల్స్‌ను ఏం చేశారని ఎవరూ నిలదీయలేదు.

ఎక్కడా రాకపోయినా ఆ కోపం మన నిజామాబాద్ జిల్లాలో రావాల్సింది. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. కాలువల కింద చెరకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది, ఆసియాలోనే పెద్దదన్న పేరు తెచ్చుకుంది. దాన్ని ఆనుకుని షక్కర్‌నగర్ లేచింది. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆఫీసర్ల బంగళాలు ఎటువైపో, లేబర్ క్వార్టర్లు ఎటువైపో చిన్నపిల్లవాడు కూడా చెప్పగలిగిన ఊరు అది. క్రషింగ్ సీజన్లో రాత్రి షిఫ్టుకు దిగినవాడికి, తెరిపిస్తామన్న హామీని ప్రతి ఎన్నికలకూ వింటున్నవాడికి మార్లాక్ ఎవరో విడమరచి చెప్పనక్కరలేదు. అలాంటి ఊళ్లో వెల్స్ తెలుగులో ఇంటింటా చదువుకున్న పుస్తకం అయివుంటే ‘ఆదిత్య 369’ను ఇంత ముద్దుగా చూసేవాళ్లం కాదేమో. చదవని పుస్తకం పోయినా పోయినట్టు తెలియదు.

చదివినచోట తెలిసింది. 2016లో త్రివిక్రమ్ ‘అ ఆ’ రాగానే, ఇది యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’ కదా అని నవలల కాలపు పాఠకురాళ్లు ఇట్టే పోల్చుకున్నారు. విజయనిర్మల 1973లోనే సినిమాగా తీసిన నవల అది. రచయిత్రి పేరేదని విమర్శ వచ్చాక గానీ ఆ పేరు తెర మీదికి ఎక్కలేదు. హీరో నితిన్ మన నిజామాబాద్‌లో పుట్టినవాడే, అయినా ఆ లెక్కలో రాయితీ దొరకలేదు. దొరకకూడదు కూడా.

నవలకు అంతమంది కాపలా ఉంటే భారతానికి ఎంతమంది ఉండాలి! అందులోనూ బోధన్ వాళ్లకు భారతం పరాయి ఊరి కథ కాదు. తమదే ఏకచక్రపురమంటారు. బకాసురుడి వల్లే రాకాసిపేటకు ఆ పేరు వచ్చిందంటారు, ఏకచక్రేశ్వరాలయాన్ని చూపిస్తారు. కర్ణాటకలో కైవారం, బెంగాల్లో బీర్‌భూమ్ జిల్లా ఏకచక్ర కూడా ఆ మాటే అంటాయి. భీముడు మూడు చోట్లా బండెడన్నం తిన్నాడనుకుంటే గొడవ లేదు, ఆయనకు అదేమంత ఎక్కువ కాదు.

అదే బోధన్ వేములవాడ చాళుక్యులకు తొలి రాజధాని. ఆ వంశంలో రెండో అరికేసరి కొలువులో ఉండి పంపకవి 941లో కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రాశాడు. అరికేసరి పూర్వీకుడు యుద్ధమల్లుడు బోధన్‌లో ఏనుగులకు నూనె బావుల్లో జలకాలాడించాడన్న ముచ్చట అందులోనే ఉంది. పంప సమాధి కూడా బోధన్‌లోనే ఉందనేవాళ్లున్నారు. నన్నయ రాజమహేంద్రవరంలో ఘంటం పట్టడానికి సుమారు వందేళ్ల ముందు ఈయన భారతాన్ని ఏం చేశాడో చూడండి. తనను పోషించే రాజును అర్జునుడిలో కలిపేశాడు. రాజుగారి భార్యలో అన్నదమ్ములకు వాటా ఉంటే బాగుండదు కాబట్టి ద్రౌపదికి అర్జునుణ్ణి ఒక్కణ్ణే భర్తను చేశాడు. చివర పట్టాభిషేకం కూడా ధర్మరాజుకు కాదు, అర్జునుడికి. పక్కన కూర్చున్నది సుభద్ర. ఇవాళైతే ఎన్ని నోటీసులు వచ్చేవో!

మార్చినందుకు పంపను తప్పుపట్టలేను. శశిరేఖ వ్యాసుడికి తెలియదు, అయినా ‘మాయాబజార్’లో ఆమెను తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. అడగాల్సింది మరొకటి. ఒక కొయ్య పీకితే ఇంకో నాలుగు వదులవుతాయి, వాటిని బిగించాడా? ద్రౌపది తమ్ముడి భార్య మాత్రమే అయితే అన్న ఆమెను జూదంలో ఎలా ఒడ్డాడు? ఆమె జుట్టు కోసం భీముడికి అంత శపథమెందుకు? ఈ ప్రశ్నలకు పంప కావ్యంలో పూర్తి జవాబు దొరకదు. రాజుకోసం చేసిన మార్పు కథకు బరువైంది. కానీ అదే పంప, రాజు అర్జునుడై కూర్చున్న ఆ సభలోనే, భారతంలో ఒక్కణ్ణే తలుచుకోవాల్సి వస్తే కర్ణుణ్ణి తలుచుకోండి అన్నాడు. జీతమిచ్చే ప్రభువుకు శత్రువును! కవి అక్కడ దొరుకుతాడు.

ఈ కొలత పట్టుకుని ‘కల్కి’ మణి దగ్గరకు వెళ్దాం. వ్యాసుడి సౌప్తిక పర్వంలో అశ్వత్థామ మణిని తానే ఇచ్చేస్తాడు. అది భీముడి చేతుల మీదుగా ద్రౌపదికి, ఆమె కోరిక మీద ధర్మరాజు తలకు చేరుతుంది. భాగవతంలో అర్జునుడు కత్తితో జుట్టుతోపాటు కోసేస్తాడు. పోతన చదివే ఇంట్లో పెరిగినవాడికి ఈ రెండోదే నిజం. మూలాలే రెండు మాటలు చెబుతున్నప్పుడు మూడో మాట మీద అంత కోపమెందుకు? పేచీ పెట్టాలంటే లెక్కలో పెట్టొచ్చు. గాయాలతో తిరగమని కృష్ణుడు అశ్వత్థామకిచ్చిన శాపానికి వ్యాసుడు మూడు వేల ఏళ్ల గడువు పెట్టాడు. కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైందన్న సంప్రదాయం ప్రకారం 2898 నాటికి ఆరు వేల ఏళ్లవుతుంది. ఆ లెక్కన అశ్వత్థామగా వేసిన అమితాబ్ బచ్చన్ గాయాలు క్రీస్తు పుట్టకముందే మానిపోవాలి.

దర్శకుడు నాగ్ అశ్విన్ చేసిన అన్ని మార్పుల్లో నాకు గొప్పగా తోచినది మరొకటి. ఉత్తర గర్భం మీదికి అస్త్రం వదిలినవాణ్ణే తెచ్చి, సినిమాలో కల్కిని మోసే సుమతి గర్భానికి కావలి పెట్టాడు. ఊరికే తిరగమన్న శాపం, చేసిన పాపానికి సరిగ్గా సరిపోయే పనిగా మారింది. ఇది వ్యాసుణ్ణి చదివినవాడికే తోచే మార్పు. వ్యాసుడి పేరు చెప్పి కోప్పడినవాళ్లు దీని జోలికి పెద్దగా రాలేదు.

కర్ణుడి దగ్గర మాత్రం అనంత శ్రీరామ్ గారి అభ్యంతరంలో సగం నాకూ ఉంది, కారణం వేరు. ఆయన ధర్మం వైపు నుంచి అడుగుతున్నారు, నేను కథ వైపు నుంచి. కాంప్లెక్స్‌లో చోటు కోసం సుమతిని పట్టివ్వాలని వెంటపడిన భైరవ (ప్రభాస్) చివరి నిమిషాల్లో కర్ణుడని తేలతాడు. అందుకు సినిమాలో ముందు నుంచీ కట్టిన దారి ఏదీ లేదు. హాలు మాత్రం ఈలలతో దద్దరిల్లింది. అరికేసరి కూర్చున్న చోట ఇప్పుడు అభిమాన సంఘం కూర్చుంది. పంప తన ప్రభువు ఎదుట పరాయి వీరుణ్ణి పొగిడాడు. ఇక్కడ కర్ణుణ్ణి పొగడటమంటే ప్రభువును పొగడటమే. ఆ బాకీ రెండో భాగంలో తీరుస్తారేమో చూడాలి.

ఈలోగా 2025 సెప్టెంబర్‌లో నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండరని ప్రకటించింది. అంటే ఆ గర్భం మోసే సుమతి ముఖమే మారవచ్చు, లేదా ఆ పాత్రే తగ్గిపోవచ్చు. వారం రోజులు తగువు నడిచింది, పని గంటల మీద, పారితోషికం మీద. ఆమె లేకపోతే అశ్వత్థామ ఇక దేనికి కాపలా కాయాలన్న ప్రశ్న ఆ తగువులో వినపడలేదు.