కారుకు ఏ ‘జీపీఎస్’ కొనాలి? ఉపగ్రహం కంటే ముందు చూడాల్సినవి

కారుకు జీపీఎస్ కావాలని షాపులో అడిగితే మూడు వేర్వేరు వస్తువులు చూపిస్తారు. ఒకటి డ్యాష్‌బోర్డులో బిగించే ఆండ్రాయిడ్ స్క్రీను. రెండోది బ్యాటరీ వైర్లకు కలిపి లోపలెక్కడో దాచేసే చిన్న డబ్బా, అదే ట్రాకర్. మూడోది మన ఫోన్‌ని నిలబెట్టుకునే హోల్డర్. మూడింటినీ జీపీఎస్ అనే పిలుస్తాం. కానీ స్క్రీను, ఫోను మనకు దారి చెబుతాయి. ట్రాకర్ మనం ఎక్కడున్నామో ఇంకెవరికో చెబుతుంది.

ఇది షాపులో తేలిపోయే చిన్న విషయంలా కనిపిస్తుంది. నిజానికి జీఎస్-3లో అంతరిక్ష సాంకేతికత, మౌలిక సదుపాయాలు, జీఎస్-2లో గోప్యత హక్కు ఇక్కడే కలుస్తాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరికరం ఎంచుకునేటప్పుడు మనం ఉపగ్రహం గురించి ఎక్కువ, పటం గురించి తక్కువ ఆలోచిస్తున్నాం. మన లొకేషన్ ఎవరికి చేరుతోందన్నది అసలు అడగడమే లేదు. ప్రభుత్వ విధానంలోనూ ఇదే లోటు ఉంది.

1. సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తోంది?

జీపీఎస్ అనేది అమెరికా వ్యవస్థ పేరు. రష్యాకు గ్లోనాస్, యూరప్‌కు గెలీలియో, చైనాకు బైదూ ఉన్నాయి. మనకు నావిక్ ఉంది. అన్నిటి సూత్రం ఒకటే. ఉపగ్రహం తన స్థానాన్నీ, సమయాన్నీ ప్రసారం చేస్తుంది. సిగ్నల్ చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి రిసీవర్ దూరం లెక్కకడుతుంది. మూడు నిర్దేశాంకాలు, రిసీవర్ గడియారంలోని తేడా కలిపి నాలుగు తెలియని విలువలు కాబట్టి కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడాలి. సమయంలో ఒక మైక్రోసెకను పొరపాటు వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. అందుకే ఈ ఉపగ్రహాలకు పరమాణు గడియారమే ప్రాణం.

నావిక్ కష్టాలకూ అదే మూలం. 2013 జులై 1న తొలి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ శ్రీహరికోట నుంచి వెళ్లింది. 2016 ఏప్రిల్ 28న ఏడోది చేరాక ఈ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత 1ఏలో దిగుమతి చేసుకున్న మూడు రుబీడియం గడియారాలూ పాడయ్యాయి. దాని స్థానంలో 2017 ఆగస్టు 31న పంపిన 1హెచ్, రాకెట్ ఉష్ణకవచం విడిపోక పనికిరాకుండా పోయింది. 2023 మే 29న ఎన్‌వీఎస్-01 స్వదేశీ గడియారంతో వెళ్లి ఆశ పెంచింది. 2025 జనవరి 29న వెళ్లిన ఎన్‌వీఎస్-02 శ్రీహరికోట వందో ప్రయోగం. రాకెట్ తన పని తాను చేసింది కానీ ఉపగ్రహంలో వాల్వు తెరుచుకోక అది అనుకున్న కక్ష్యకు చేరలేదు. 2025 వర్షాకాల సమావేశాల్లో పార్లమెంటుకు ఇచ్చిన సమాధానం ప్రకారం, పంపిన 11 ఉపగ్రహాల్లో అప్పటికి స్థాన నిర్ధారణ సేవ అందిస్తున్నవి నాలుగే. నాలుగు అంటే సరిగ్గా కనీస సంఖ్య. ఒక్కటి ఆగినా నావిక్ ఒంటరిగా స్థానం చెప్పలేదు.

ఇంకో విషయం ప్రిలిమ్స్‌కి కూడా పనికొస్తుంది. తొలి తరం నావిక్ ఎల్5, ఎస్ బ్యాండ్లలోనే ప్రసారం చేసింది. సాధారణ ఫోన్లు, చవక రిసీవర్లు వినేది ఎల్1 బ్యాండ్. ఎల్1 ప్రసారం ఎన్‌వీఎస్-01తోనే మొదలైంది. అంటే మన ఉపగ్రహం నెత్తిమీదే ఉన్నా మన జేబులోని ఫోన్‌కు ఏళ్ల తరబడి దాని మాట వినబడలేదు.

కాబట్టి ‘నావిక్ ఉందా?’ అని మాత్రమే అడిగి కొనడం దేశభక్తి అవుతుందేమో కానీ తెలివైన ఎంపిక కాదు. జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, బైదూలతో పాటు నావిక్‌నూ అందుకునే రిసీవర్ కావాలి. ఒకటి తడబడితే మరొకటి ఆదుకుంటుంది. స్వావలంబన అంటే పరాయి సిగ్నల్ వాడకపోవడం కాదు, ఆ సిగ్నల్ ఆగిన రోజున మన బండి ఆగకపోవడం.

2. పటం ఎంత తాజాగా ఉంది?

ఇక్కడ తిల్దా ఉదాహరణ తీసుకుందాం. ఇక్కడున్న తెలుగువాళ్లు సిమ్గా దగ్గర 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే రాయ్‌పూర్, ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగ్‌దల్‌పూర్, సుక్మా, కుంట, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా అదే రోడ్డు. ఈ దారిలో ఉపగ్రహ సిగ్నల్‌కు లోటు లేదు. దక్షిణ బస్తర్ అడవుల్లో తెగిపోయేది సెల్ సిగ్నల్. స్థానం ఆకాశం నుంచి వస్తుంది, పటం ఇంటర్నెట్ నుంచి వస్తుంది. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. బయలుదేరే ముందు పటాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నవాడికి ఫోన్‌లో ‘నో సర్వీస్’ అని వచ్చినా దారి తప్పదు.

అంతకంటే పెద్ద ప్రమాదం, పటంలో ఉన్న రోడ్డు నేల మీద లేకపోవడం. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. గోదావరి ఎగదన్నితే శబరి పొంగి చింతూరు, కుంట వైపు రోడ్డు మునుగుతుంది. ఆ సంగతి మొదట తెలిసేది కలెక్టరేటుకూ, పోలీసులకూ. పటం తయారుచేసే కంపెనీకి ఎప్పుడు తెలుస్తుందన్నది అదృష్టం మీద ఆధారపడుతోంది.

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర రామగంగ వంతెన మీద నుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. వంతెన ముందుభాగం అంతకు ముందే వరదలో కొట్టుకుపోయింది. కేసులో ప్రజాపనుల శాఖ ఇంజినీర్లనూ, గూగుల్ మ్యాప్స్ ప్రతినిధినీ చేర్చారు. ఉపగ్రహం మాత్రం ఆ కారు ఎక్కడుందో సరిగ్గానే చెప్పి ఉంటుంది. లేనిదల్లా రోడ్డు తెగిందన్న సమాచారం, రోడ్డుకు అడ్డంగా ఒక బారికేడు. అంతరిక్షంలోకి గడియారం పంపగలిగిన దేశంలో, మూసేసిన వంతెన గురించి పటానికి చెప్పే బాధ్యత ఎవరిదో స్పష్టంగా లేదు.

3. నా లొకేషన్ ఎవరికి చేరుతోంది?

రిసీవర్ వినడమే తప్ప మాట్లాడదు. మాట్లాడేది దానికి జోడించిన సిమ్. ట్రాకర్‌లో ఉండేది అదే. ప్రయాణికులను చేరవేసే వాణిజ్య వాహనాలకు ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం ట్రాకర్, పానిక్ బటన్ తప్పనిసరి చేయడాన్ని నేను సమర్థిస్తాను. రాత్రిపూట ట్యాక్సీ ఎక్కే అమ్మాయి భద్రత చిన్న విషయం కాదు. అది ప్రజలకు సేవ అందించే వాహనం కాబట్టి పర్యవేక్షణ న్యాయమే.

సొంత కారు సంగతి వేరు. 2024 సెప్టెంబరులో సవరించిన జాతీయ రహదారుల రుసుము నిబంధనలు ఉపగ్రహ ఆధారిత టోల్‌కు దారి తెరిచాయి. ఆ పరికరం ఉన్న వాహనానికి రోజుకు 20 కిలోమీటర్ల వరకు రుసుము లేదు. దేశమంతా అమలుపై నిర్ణయం తీసుకోలేదని 2025 ఏప్రిల్‌లో మంత్రిత్వ శాఖ స్పష్టం చేసింది. ఆ విరామం మంచిదే. ఫాస్టాగ్‌కు తెలిసేది మనం టోల్‌గేటు దాటామన్నది మాత్రమే. ఉపగ్రహ టోల్‌కు రోడ్డు పొడవునా మన ప్రయాణం తెలుస్తుంది. పుట్టస్వామి తీర్పు (2017) గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించి, చట్టబద్ధత, న్యాయమైన ప్రయోజనం, అనుపాతం అనే పరీక్షలు పెట్టింది. ఫ్రాంక్ విటస్ కేసులో (2024) బెయిలు మీదున్న నిందితుణ్ని కూడా గూగుల్ మ్యాప్స్‌లో నిరంతరం లొకేషన్ చూపమనడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. నిందితుడికే ఆ రక్షణ ఉన్నప్పుడు టోల్ కట్టే పౌరుడికి అంతకంటే తక్కువ ఉండకూడదు.

‘తప్పు చేయనివాడికి భయమెందుకు?’ అనేవాళ్లున్నారు. మనం ఏ ఆసుపత్రికి వెళ్లామో, ఏ సభకు వెళ్లామో, ఎవరింటి ముందు ఎంతసేపు ఆగామో ఆ రికార్డు చెబుతుంది. ఇందులో ఏదీ తప్పు కాదు. అయినా అది రోడ్డు కాంట్రాక్టరుకు తెలియాల్సిన అవసరం లేదు.

నా అభిప్రాయం

కొనేవారికి: దారి కోసమైతే ఎక్కువ వ్యవస్థలను అందుకునే మంచి ఫోన్, డౌన్‌లోడ్ చేసిన పటం, గట్టి హోల్డర్ చాలు. దొంగతనం భయం ఉంటే ట్రాకర్ పెట్టించుకోండి. కానీ సర్వర్ ఎవరిది, డేటా ఎన్నాళ్లు ఉంచుతారు, లాగిన్ ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి ముందే రాయించుకోండి.

ప్రభుత్వానికి మూడు పనులు. ఒకటి, నావిక్‌కు అదనపు ఉపగ్రహాలు కక్ష్యలో సిద్ధంగా ఉంచాలి. రెండు, రోడ్డు లేదా వంతెన మూసిన ప్రతి ఉత్తర్వునూ పటాల సంస్థలన్నీ వెంటనే వాడుకునే డిజిటల్ రూపంలో విడుదల చేయడం జిల్లా యంత్రాంగానికి తప్పనిసరి చేయాలి. 2022 జాతీయ భూప్రాదేశిక విధానం ఉద్దేశం నెరవేరేది అప్పుడే. మూడు, ఉపగ్రహ టోల్‌లో దూరాన్ని పరికరమే లెక్కించి మొత్తం రుసుము మాత్రమే పంపాలి, ప్రయాణ మార్గం కారు దాటి బయటికి పోకూడదు. ఇంజినీరింగ్ పరంగా ఇది సాధ్యమే. కావాల్సింది అలా చేయాలన్న నిబంధన.

ఈ మూడింటిలో రెండోదానికి రాకెట్ అక్కర్లేదు. తహసీల్దారు కార్యాలయంలో ఒక కంప్యూటరూ, ఆ పని నాదే అనే ఒక అధికారీ చాలు. రేపు మనలో కొందరు కూర్చోబోయేది ఆ కుర్చీల్లోనే.

సాధన ప్రశ్న (15 మార్కులు, 250 పదాలు): ఉపగ్రహ మార్గదర్శక వ్యవస్థలో స్వావలంబన, నేల మీద సమాచార పాలన ఒకదానికొకటి ఎలా పూరకాలు? పౌరుల గోప్యతను దృష్టిలో ఉంచుకుని చర్చించండి.