చైనా చదువు: విమానాలు తిరుగుతున్నాయి సరే, మన లెక్క కుదురుతుందా?

2025 అక్టోబరు 26 రాత్రి కోల్‌కతా నుంచి ఇండిగో విమానం చైనాలోని గ్వాంగ్‌ఝౌకు బయల్దేరింది. ఐదేళ్లకు పైగా ఆగిపోయిన నేరు విమానాలు దాంతో మళ్లీ మొదలయ్యాయి. నవంబరులో ఢిల్లీ-గ్వాంగ్‌ఝౌ, షాంఘై-ఢిల్లీ సర్వీసులూ వచ్చాయి. అంతకు కొద్దిరోజుల ముందే, అక్టోబరు 1న, సైన్స్, టెక్నాలజీ చదివిన విదేశీ యువత కోసం చైనా ‘కె’ వీసా తెచ్చింది. దానికీ ముందు సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించింది.

ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి కాలేజీ గ్రూపుల్లో ఒకటే చర్చ. ‘అమెరికా కాకపోతే చైనా వెళ్లిపోదామా?’ బీటెక్ వాళ్లు ఎంఎస్ గురించి అడుగుతున్నారు. బైపీసీ పిల్లల తల్లిదండ్రులు ఎంబీబీఎస్ గురించి అడుగుతున్నారు. కన్సల్టెన్సీ బ్రోచర్‌లో ఫీజు, ర్యాంకు, క్యాంపస్ ఫొటోలు ఉంటాయి. అక్కడ ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో మాత్రం ఉండదు. నా ఉద్దేశంలో చూసుకోవాల్సింది దాన్నే. చైనాలో మీ రోజు ఏ భాషలో గడుస్తుందో దాన్నిబట్టే మీ డిగ్రీకి ఎంత విలువ వస్తుందో తేలుతుంది. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

దిగిన గంట నుంచే రూల్స్

ఆరు నెలలకు మించిన చదువుకు ఇచ్చేది ఎక్స్‌1 వీసా. ఇది కేవలం దేశంలోకి అడుగుపెట్టడానికే. దిగిన 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక దిగిన 24 గంటల్లోపే మీరు ఉండే చిరునామాను పోలీసుల దగ్గర నమోదు చేయించాలి. హోటల్లో దిగితే రిసెప్షన్ వాళ్లే చేసేస్తారు. బయట అద్దె గదిలోనో ఫ్రెండ్ ఇంట్లోనో దిగితే స్టేషన్‌కు వెళ్లాల్సింది మీరే. సెలవుల్లో వేరే ఊరు వెళ్లి స్నేహితుడి గదిలో ఉన్నా ఇదే రూలు.

మనకు ఇదంతా వింతగా అనిపిస్తుంది. కానీ అక్కడ దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. పాస్‌పోర్ట్, పర్మిట్, రిజిస్ట్రేషన్ చీటీ... ఈ మూడూ ఎప్పుడడిగినా చూపించేలా ఉంచుకోవాలి.

ఫోనే పర్సు, కానీ ఇంటికి ఫోన్ చేయడమే కష్టం

ఫోన్‌పే, గూగుల్‌పేకి అలవాటు పడ్డ మనకు చైనా చెల్లింపులు కొత్తేం కాదు. వీచాట్, అలీపే యాప్‌లలో క్యూఆర్ స్కాన్ చేస్తే చాలు, కూరగాయల బండి దగ్గర్నుంచి హాస్పిటల్ బిల్లు దాకా అయిపోతుంది. 2023 నుంచి విదేశీ కార్డుల్నీ వీటికి తేలిగ్గా కలుపుకోగలుగుతున్నారు. క్యాంటీన్, సైకిల్, మెట్రో, క్లాస్ గ్రూపు, లెక్చరర్ ఇచ్చే నోటీసు... అన్నీ ఆ ఫోన్‌లోనే. ఛార్జింగ్ అయిపోయిందా, రోజు ఆగిపోయినట్టే.

చిక్కంతా ఇంకోచోట ఉంది. గూగుల్, యూట్యూబ్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ అక్కడ బ్లాక్. వీచాట్‌ను 2020 జూన్‌లో నిషేధించిన 59 యాప్‌లలో చేర్చి మన ప్రభుత్వం ఇక్కడ ఆపేసింది. అంటే అక్కడ నడిచేది ఇక్కడ నడవదు, ఇక్కడ నడిచేది అక్కడ నడవదు. మధ్యలో అమ్మానాన్నలు. టెక్నికల్‌గా ఒక దారి ఉంది. ఇండియా సిమ్‌ను ఇంటర్నేషనల్ రోమింగ్‌లో పెడితే డేటా మన ఆపరేటర్ నెట్‌వర్క్ గుండా వెళ్తుంది కాబట్టి సాధారణంగా వాట్సాప్ పనిచేస్తుంది. కాకపోతే రోజూ గంటలకొద్దీ వీడియోకాల్ మాట్లాడాలంటే ఆ ప్యాక్ ఖర్చు తట్టుకోవడం కష్టం. అనుమతి లేని వీపీఎన్‌లకు అక్కడి చట్టం ఒప్పుకోదు. ‘అందరూ వాడుతున్నారులే’ అనే సలహాను నమ్ముకుని వెళ్లకండి. ఏదేమైనా ఇండియా సిమ్‌ను బతికించి ఉంచుకోండి, బ్యాంకు ఓటీపీలు వచ్చేది దానికే.

ఇంజినీరింగ్ వాళ్లకు ఇంకో మాట. గూగుల్ స్కాలర్, కొలాబ్, యూట్యూబ్ పాఠాల మీదే నడిచే మన చదువు అలవాటు అక్కడ పనికిరాదు. వాటి బదులు అక్కడివి వాడాలి. హాంగ్‌ఝౌలో పుట్టిన డీప్‌సీక్ అందరికీ తెలిసిందే. ఇలాంటి టూల్స్, ఫోరమ్‌లు, వీడియో పాఠాలు అక్కడ బోలెడున్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం చైనీస్‌లోనే ఉంటాయి.

తిండి, తిరుగుడు

అన్నం దొరకదన్న భయం వద్దు. దక్షిణ చైనా అంతా అన్నమే తింటుంది. కాకపోతే అది ముద్దగా అతుక్కునే అన్నం. ప్రతి క్యాంటీన్‌లోనూ కనిపించే టమాటా-కోడిగుడ్డు వేపుడు మనవాళ్లకు త్వరగా నచ్చేస్తుంది. సిచువాన్, చోంగ్‌చింగ్ వైపు కారం మనతో పోటీ పడుతుంది. పైగా అక్కడి మిరియం లాంటి గింజకు నాలుక తిమ్మిరెక్కుతుంది. అసలు ఇబ్బంది శాకాహారులకు. ‘కూర మాత్రమే’ అని చెప్పినా అందులో మాంసం తునకలు వేయడం మామూలే. టోఫూ కూరలోనూ కీమా ఉండొచ్చు. ‘నేను మాంసం తినను’ అన్న ముక్క చైనీస్‌లో చెప్పడం రానివాళ్లు హాస్టల్లో కుక్కర్ పెట్టుకోవచ్చా లేదా అన్నది అడ్మిషన్‌కు ముందే కనుక్కోవాలి. వసంతోత్సవం సెలవుల్లో క్యాంపస్ ఖాళీ అయిపోతుంది, క్యాంటీన్లు చాలావరకు మూతపడతాయి.

తిరగడానికి మాత్రం చైనాలాంటి చోటు తక్కువ. 2024 చివరికి అక్కడి హైస్పీడ్ రైలు మార్గం 48 వేల కిలోమీటర్లు. బీజింగ్-షాంఘై మధ్య 1,318 కిలోమీటర్లను వేగంగా వెళ్లే రైళ్లు సుమారు నాలుగున్నర గంటల్లో దాటేస్తాయి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజంతా కూర్చునే మనకు అది ఆశ్చర్యమే. టికెట్ కోసం 12306 అనే రైల్వే యాప్ ఉంది. పాస్‌పోర్టే టికెట్. అక్టోబరు మొదటివారం, వసంతోత్సవం రోజుల్లో మాత్రం దేశమంతా ఒకేసారి కదులుతుంది. సంక్రాంతికి విజయవాడ బస్సులు గుర్తు తెచ్చుకోండి, అలాంటి రద్దీ దేశమంతా ఉంటుంది. టిబెట్ వెళ్లాలంటే విదేశీయులకు ప్రత్యేక అనుమతి, ఏజెన్సీ టూర్ తప్పనిసరి.

ఇంగ్లిష్ మీడియం గోడ

ఇప్పుడు అసలు సంగతి. ‘కోర్సు మొత్తం ఇంగ్లిష్‌లోనే’ అన్నది కన్సల్టెన్సీలు ముందుగా చెప్పే మాట. క్లాసు వరకు అది నిజమే కావచ్చు. మెడిసిన్‌లో మూడు, నాలుగేళ్లు దాటాక ఏమవుతుంది? హాస్పిటల్ వార్డుకు వెళ్లాలి. అక్కడి పేషంట్‌కు ఇంగ్లిష్ రాదు. నొప్పి ఎక్కడో, ఎప్పట్నుంచో అడగలేని విద్యార్థి డాక్టర్ వెనక నిలబడి చూడటమే తప్ప ఏం నేర్చుకుంటాడు? 2022 సెప్టెంబరులో బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం ఇచ్చిన సూచనల్లో ఒక లెక్క ఉంది. 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివి, మన దేశంలో ప్రాక్టీసుకు అవసరమైన ఎఫ్‌ఎంజీఈ రాసినవాళ్లు 40,417 మంది. పాసైనవాళ్లు 6,387 మంది. అంటే 16 శాతం. దీనికి కారణాలు చాలా ఉండొచ్చు. క్లినికల్ శిక్షణ బలహీనపడటానికి భాష పెద్ద కారణమన్నది మాత్రం స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

రూల్స్ కూడా బిగిశాయి. 2021 నవంబరు 18 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం విదేశంలో కనీసం 54 నెలల కోర్సు ఇంగ్లిష్ మీడియంలో చదవాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. చదివిన దేశంలో డాక్టరుగా ప్రాక్టీసు చేయడానికి కూడా అర్హత ఉండాలి. ఈ చివరి ముక్కే కీలకం. అక్కడ లైసెన్సుకు పరీక్ష ఉంటుంది. ఇంగ్లిష్‌లో చదువుకుని, చైనీస్‌లో ప్రాక్టీసు చేసే అర్హత తెచ్చుకోవాలన్నమాట. నీట్ అర్హత ఎలాగూ తప్పదు.

ఇంజినీరింగ్ వాళ్లకు ఇలాంటి ఎగ్జిట్ పరీక్ష లేదు. అందుకే చాలామంది భాషను పట్టించుకోరు. కానీ ల్యాబ్‌లో మీటింగులు, మెషీన్ మాన్యువళ్లు, కంపెనీ ఇంటర్వ్యూలు చైనీస్‌లోనే జరుగుతాయి. భాష రాని విద్యార్థి విదేశీయుల హాస్టల్, విదేశీయుల క్లాసు, మన కుర్రాళ్లతో వంట... ఈ మూడింటి మధ్యే రెండేళ్లు గడిపేసి వచ్చేస్తాడు. చైనాలో ఉన్నట్టే ఉంటుంది, చైనా ఏంటో తెలియదు.

డబ్బు, పార్ట్‌టైమ్

చైనా ప్రభుత్వ పూర్తి స్కాలర్‌షిప్ వస్తే ట్యూషన్, వసతి పోను నెలకు పీజీకి 3,000 యువాన్లు, పీహెచ్‌డీకి 3,500 ఇస్తారు. యువాన్ విలువ 12 రూపాయల పైమాటే కాబట్టి సాదాగా బతకడానికి సరిపోతుంది. బీటెక్ తర్వాత చైనా ఆలోచించేవాళ్లకు ఇదే మంచి దారి. సొంత డబ్బు పెట్టి, పేరు తెలియని యూనివర్సిటీకి వెళ్లడం వేరే సంగతి.

‘ఖర్చులకు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు’ అనేవాళ్లను ఒక ప్రశ్న అడగండి: పర్మిట్ మీద రాసిస్తారా? యూనివర్సిటీ ఒప్పుకోవాలి, రెసిడెన్స్ పర్మిట్ మీద నమోదవ్వాలి. అవి లేకుండా ట్యూషన్ చెప్పినా అక్రమ ఉద్యోగమే. జరిమానా 5,000 నుంచి 20,000 యువాన్లు. తీవ్రతను బట్టి 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా ఉంటుంది. అమెరికాలో గ్యాస్ స్టేషన్ లెక్కలు ఇక్కడ వేయకండి.

డిగ్రీ తర్వాత?

కె వీసాకు చైనా కంపెనీ ఆహ్వానం అక్కర్లేదు. వినడానికి బాగుంది. కానీ వీసా ఉద్యోగం ఇవ్వదు. 2025లో చైనా కాలేజీల నుంచి బయటికొచ్చిన గ్రాడ్యుయేట్లే 1.22 కోట్ల మంది. ఆ ఆగస్టులో 16-24 ఏళ్ల యువతలో, విద్యార్థుల్ని మినహాయించి, నిరుద్యోగం 18.9 శాతం. కె వీసా ప్రకటించగానే అక్కడి సోషల్ మీడియాలో ‘మాకే ఉద్యోగాల్లేవు’ అని గొడవ మొదలైంది అందుకే. మామూలు వర్క్ పర్మిట్‌కు డిగ్రీతో పాటు రెండేళ్ల అనుభవం అడుగుతారు. చైనా యూనివర్సిటీల్లో మాస్టర్స్ చేసినవాళ్లకు 2017 నుంచి షరతులతో ఈ అనుభవం నుంచి మినహాయింపు ఉంది. బీటెక్‌తో వెళ్లి మాస్టర్స్ చేయడానికీ, ఇంటర్‌తో వెళ్లి బ్యాచిలర్స్ చేయడానికీ ఇక్కడే పెద్ద తేడా వస్తుంది.

ఇంటికి తిరిగొస్తే? 2024-25లో మనం చైనా నుంచి దిగుమతి చేసుకున్నది 113 బిలియన్ డాలర్లకు పైగా. ఎగుమతి చేసింది 14 బిలియన్ల చిల్లర. ఫోన్ విడిభాగాలు, సోలార్ సెల్స్, బ్యాటరీలు, ఫ్యాక్టరీ యంత్రాలు... అన్నిటికీ అక్కడి సప్లయర్‌తో మాట్లాడేవాళ్లు కావాలి. ఇంజినీరింగ్ తెలిసి, చైనీస్ వచ్చినవాళ్లు మనదగ్గర తక్కువ. అలాగని ఇది గ్యారంటీ కూడా కాదు. 2020 ఏప్రిల్ నాటి ప్రెస్ నోట్ 3తో పొరుగు దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరైంది. ఢిల్లీ-బీజింగ్ సంబంధాలు చెడితే ఈ ఉద్యోగాల మీదా ఆ దెబ్బ పడుతుంది.

మర్చిపోకూడని బ్యాచ్

కొవిడ్‌కు ముందు చైనాలో మన విద్యార్థులు దాదాపు 23 వేల మంది. ఎక్కువమంది మెడిసిన్ వాళ్లే, వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు. 2020 జనవరిలో సెలవులకు ఇంటికొచ్చినవాళ్లకు తలుపులు మూసుకుపోయాయి. మళ్లీ స్టూడెంట్ వీసాలు మొదలైంది 2022 ఆగస్టులో. మధ్యలో రెండేళ్లకు పైగా ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఎంబీబీఎస్ పాఠాలు విన్నారు. ఆన్‌లైన్ డిగ్రీలకు ఇక్కడ గుర్తింపు ఉండదని మన సంస్థలు హెచ్చరించాయి. వాళ్ల తప్పు ఏమీ లేదు. కోర్సు చివరి ఏడాదిలో చిక్కుకున్నవాళ్లకు కొంత ఊరట దొరికినా, తిరిగొచ్చాక రెండేళ్ల ఇంటర్న్‌షిప్ చేయాల్సి వచ్చింది. విమానాలు మళ్లీ తిరగడం మంచి కబురే. ఒకసారి ఆగినవి మళ్లీ ఆగవని రాసిచ్చేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

అడ్వాన్స్ కట్టేముందు

కాబట్టి డబ్బు కట్టేముందు ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి.

ఒకటి, మెడిసిన్ అయితే: ఆ కాలేజీ విదేశీయులకు ఇంగ్లిష్‌లో కోర్సు నడపడానికి అనుమతి ఉన్న వాటిలో ఉందా? 2022లో మన ఎంబసీ చెప్పిన ప్రకారం అవి 45. తాజా జాబితా ఏంటో ఎంబసీ నుంచే తెలుసుకోండి, ఏజెంట్ నుంచి కాదు. 

రెండు, ఇంటర్న్‌షిప్, లైసెన్సు అర్హత గురించి యూనివర్సిటీ నుంచి లిఖితపూర్వకంగా జవాబు వచ్చిందా? 

మూడు, ఇంజినీరింగ్ అయితే: స్కాలర్‌షిప్ ఉందా, గైడ్‌గా ఉండబోయే ప్రొఫెసర్‌తో మెయిల్‌లో మాట్లాడారా? 

నాలుగు, హెచ్‌ఎస్‌కే నాలుగో స్థాయి వరకైనా చైనీస్ నేర్చుకునే ఓపిక ఉందా? పాత సిలబస్ ప్రకారం అది 1,200 మాటలు. ఇక్కడే, వెళ్లడానికి ఆరు నెలల ముందే మొదలుపెట్టొచ్చు.

నాలుగో ప్రశ్నకు ‘లేదు’ అని జవాబు వస్తే మిగతా మూడూ బాగున్నా ఇంకోసారి ఆలోచించండి. ఆరు నెలలు చైనీస్ నేర్చుకుని చూడండి. నచ్చకపోతే పోయేది కోచింగ్ ఫీజే. అక్కడికి వెళ్లాక నచ్చకపోతే పోయేవి ఇంట్లోవాళ్లు కూడబెట్టిన లక్షలు, మీ వయసులో ఐదారేళ్లు.